బొట్టు కనపడని బొమ్మ

మా అత్తమ్మ ఒకసారి చూసిన ముఖాన్ని మర్చిపోదు. కర్నూలులో మునిసిపల్ బడి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఆవిడ తార్నాకలో మా ఫ్లాటుకు వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఒకరోజు మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర బట్టతల, బాన పొట్ట ఉన్న ఒక పెద్దమనిషిని ఆపి, "నువ్వు ఆరో తరగతిలో కిటికీ పక్కన కూచుంటాంటివి గదా, ఎప్పుడు చూసినా బలపం నములుకుంటా" అంది. ఆయన ముందు కంగారుపడి, తర్వాత అంత జనం మధ్యలో వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు. నేను పక్కన కూరగాయల సంచి పట్టుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను.

నేను పుట్టింది నల్గొండ పక్క పల్లెలో, పెరిగింది మల్కాజ్‌గిరిలో. ఆవిడది సీమ. మా ఇద్దరి మాటా కలవదు, కూరలో వేసే కారమూ కలవదు. కలిసేది ఒక్కటే, ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. తన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిందని స్నేహితులందరికీ చెప్పుకుంటాడు. నిజానికి ఆయన్ని ఎవరూ నొక్కలేదు, మాకంత తీరిక కూడా లేదు.

ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న యూనివర్సిటీలో నేను పాఠాలు చెబుతాను. నా పరిశోధన చీకట్లో చూసే కెమెరాల మీద. చీకట్లో తీసిన బొమ్మ కనీసం ఎంత బాగుంటే అందులో ఉన్నది ఫలానా మనిషని చెప్పగలం? ఇదీ నేను తేల్చవలసిన సంగతి. వినడానికి ఇంతే. కానీ బొమ్మలో ఏదో కదులుతోందని తెలియడం ఒకటి, ఆ కదిలేది కుక్క కాదు మనిషని తెలియడం ఇంకొకటి, ఆ మనిషి మన పక్కింటాయనే అని తెలియడం పూర్తిగా వేరొకటి. మొదటిదానికి నాలుగు చుక్కలు, అంటే పిక్సెల్స్, ఉన్న బొమ్మ చాలు. చివరిదానికి ఒక్క ముఖం మీదే బోలెడన్ని చుక్కలు పడాలి, ఆ చుక్కల మధ్య నలుపు తెలుపుల తేడా తెలియాలి, వెలుగు చాలనప్పుడు బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు వచ్చే మచ్చలు తక్కువుండాలి. కెమెరాలు అమ్మేవాళ్లు మొదటి సంగతి చూపించి చివరి సంగతికి డబ్బు తీసుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పాత స్టోర్ రూమ్ ఉంది. దాని కిటికీలకు నల్లగుడ్డ రెండు పొరలు కొట్టించి, తలుపు సందుల్లో కూడా గుడ్డలు కుక్కి, పట్టపగలే అమావాస్య చేశాను. మనుషుల్ని ఒక్కొక్కరినే ఆ గదిలో కూర్చోబెట్టి చీకటి కెమెరాతో ఫొటో తీస్తాను. ఆ ఫొటోను కొంచెం కొంచెంగా చెడగొడతాను. చెడగొట్టిన బొమ్మలను ఆ మనుషుల్ని ఎరిగినవాళ్లకు చూపించి ఎవరని అడుగుతాను. ఎంత చెడగొట్టాక గుర్తుపట్టడం ఆగిపోయిందో అదే నాకు కావలసిన గీత. స్టూడెంట్స్ ముఖాలు కావలసినన్ని దొరికాయి. పెద్దవయసు ముఖాలే దొరకలేదు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం ఎందుకని అత్తమ్మనే అడిగాను.

"అత్తమ్మా, మా ల్యాబ్‌ల కొంచెంసేపు కూసుంటరా? చీకట్ల ఫొటో తీస్తా."

"చీకట్లో ఫొటో ఏంటికమ్మా? వెలుతుర్లో తీసినా నేను బాగుండను" అంది. అంది గానీ మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని నాకంటే ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

క్యాంపస్‌లో ఆవిడతో నడవడం ఒక ముచ్చట. రోడ్డు పక్క చెట్ల కింద పుస్తకాలు ముందేసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల్ని చూసి, దగ్గరకు పోయి, "ఏ ఊరు నాయనా?" అని అడిగేది. వాళ్లు కూడా విసుక్కోకుండా చెప్పేవారు. వారం తిరిగేసరికి మా ల్యాబ్ పిల్లలందరి పేర్లు, ఊళ్లు, ఎవరికి ఏ సబ్జెక్టు మిగిలి ఉందో ఆవిడకు తెలుసు. నాకు తెలియదు. వాళ్లు నన్ను "మేడం" అని పిలిచి లేచి నిలబడేవారు, ఆవిడను "అమ్మమ్మా" అని పిలిచి పక్కన చోటిచ్చేవారు. కొంచెం అసూయగానే ఉండేది.

మా మామయ్య పోయాక ఆవిడ బొట్టు మానేసింది. ఎవరూ మానమనలేదు. పెట్టుకోమని నేనూ మా ఆయనా చాలాసార్లు బతిమాలాం. "నా నుదురు, నా ఇష్టం" అని మా నోరు మూయించింది. చీకటి గదిలో మొదటి రోజే, తెర మీద మా ఆఫీసు క్లర్కమ్మ ఫొటో చూసి ఉలిక్కిపడింది.

"ఆయమ్మ రూపాయి బిళ్లంత కుంకం పెట్టుకోని లోపలికి పోయింది గదా. బొట్టు ఏమైపాయ?"

చీకటి కెమెరా మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి చూస్తుందని, ఆ వెలుగులో రంగులు ఉండవని, ఎర్ర కుంకుమ కూడా చర్మంలాగే తెల్లగా మెరిసి అందులో కలిసిపోతుందని చెప్పాను. కొన్ని నల్లచీరలు కూడా తెల్లగా వస్తాయని చూపించాను. ఆవిడ కాసేపు తెర వంకే చూసి, "అయితే మీ కెమెరా ముందర ముత్తైదువా లేదు, నాలాంటిదీ లేదు. మేలు" అంది. నవ్వుతూనే అంది. నేను గబగబా తర్వాతి ఫొటో వేశాను.

ఫొటోలతో ఆవిడను వదల్లేదు. బొమ్మలు చూసి ఎవరో చెప్పే పరీక్షలో కూడా కూర్చోబెట్టాను. ఎరిగిన ముఖం వస్తే బొమ్మ తెర మీద కుదురుకోకముందే పేరు చెప్పేసేది. అందరూ ఓడిపోయిన ముద్ద బొమ్మల్లో కూడా ఆవిడ మా పిల్లల్ని పట్టేసేది. బొమ్మ ఎంత బాగుండాలి అనేది బొమ్మ మీదే కాదు, చూసేవాళ్లు ఆ ముఖాన్ని ఎంత ఎరుగుదురు అన్నదాని మీద కూడా ఉంటుందని నేను పుస్తకాల్లో చదివిందే. కళ్లారా చూసింది ఆవిడ దగ్గరే. గుర్తుపట్టలేని ముఖం వస్తే మాత్రం ఆవిడ పద్ధతి వేరు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరకు వంగి, "ఇంగొకసారి చూపించు" అనేది. చూపించాక "తెలీదు" అనేది. ప్రతిసారీ ఇంతే.

నా పరీక్షలో "తెలీదు" అనే జవాబు లేదు. ఎవరో ఒకరి పేరు చెప్పి తీరాలి.

"అత్తమ్మా, గట్ల కాదు. అందాజగ ఒక పేరు చెప్పాలె" అన్నాను.

"అందాజుగా ఎట్ల చెప్తారమ్మా? అది ఒగ మనిషి పేరు. తెలీనప్పుడు తెలీదనల్ల. సర్వీసంతా పిల్లోల్లకు అదే చెప్తిని, ఇప్పుడు నీ కోసరం మారల్లనా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. అంత జాగ్రత్తగా కట్టుకున్న పరీక్షను ఆవిడ ఒక్క మాటతో పాడుచేస్తోందనిపించింది. విసురుగా లేచి క్యాంటీన్‌కు పోయి చాయ్ చెప్పాను. అది చల్లారేలోపే ఆవిడ అన్నది సబబేనని బుర్రకెక్కింది. ఆ చీకటి కెమెరా రేపు ఏ గేటు దగ్గరో, ఏ బ్యాంకు దగ్గరో ఉంటుంది. అక్కడ బొమ్మ చూసే మనిషి అందాజుగా ఒక పేరు చెబితే ఆ పేరుగలవాడి గతి ఏమిటి?

పరీక్ష మార్చాను. "తెలీదు" కూడా జవాబే అని అందరికీ చెప్పాను. చెప్పినా మావాళ్లు దాన్ని వాడుకునేవారు కాదు. ముఖం పిండిముద్దలా ఉన్నా ధీమాగా ఒక పేరు చెప్పి, అది తప్పని తేలాక, "అట్లనే అనిపించింది మేడం" అనేవారు. ఆ తప్పుల్ని కూడా కలిపి కొలిచాను. గుర్తుపట్టడానికి ఎంత మంచి బొమ్మ కావాలో చెప్పేటప్పుడు, ఎంత చెడ్డ బొమ్మ దగ్గర మనిషి నోరు మూసుకోవాలో కూడా చెప్పగలిగాను. నా పనిలో నేను తలెత్తి చూపించుకునే ముక్క అదే. సెమినార్‌లో పెద్దవాళ్లు లేచి మెచ్చుకున్నదీ దాన్నే. ఆ ముక్క నాకు మా అత్తమ్మ ఇచ్చిందని ఆ వేదిక మీదే చెప్పాను. జనం నవ్వారు, జోక్ అనుకున్నారు.

ఇంతలో కార్తీకం వచ్చింది.

మా అపార్ట్‌మెంట్ వెనక, పార్కింగ్ మూలన ఒక తులసికోట ఉంది. కార్తీకమంతా ఆడవాళ్లు తెల్లారకముందే తలస్నానం చేసి, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, చలికి శాలువా కప్పుకుని కిందికి దిగి అక్కడ దీపం పెట్టి వస్తారు. అత్తమ్మ కూడా రోజూ వెళ్లేది. ఆ మూలకు ఎదురుగా రెండో అంతస్తు గోడ మీద మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కొత్తగా నైట్ విజన్ కెమెరా పెట్టించాడు. ఆయన రిటైరైన ఇంజినీరు. మంచివాడే, మోటారు చెడితే అర్ధాకలితో లేచి వస్తాడు. కానీ ఆ కెమెరా వచ్చిన దగ్గర్నుంచి తనే పోలీస్ కమిషనర్ అనుకోవడం మొదలుపెట్టాడు.

"మేడం, ఇగ మన దగ్గర చీమ పోయినా దొరుకుతది" అన్నాడు నాతో లిఫ్ట్‌లో.

"చీమ దొరుకుతది అంకుల్. ఏ చీమనో చెప్పలేం" అన్నాను. ఆయన నవ్వలేదు.

కింది ఫ్లోర్‌లో ఉండే ఆవిడ ఒకరోజు తెల్లవారుజామున తన తల్లి ఇచ్చిన వెండి కుందులు తులసికోట దగ్గర పెట్టి, పూలు మర్చిపోయానని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కుందులు లేవు. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చిన ఏడుపు నాలుగో అంతస్తులో మాకు వినిపించింది. తల్లి పోయి ఏడాది కూడా కాలేదు పాపం.

కెమెరాలో ఉంది. ఒక ఆడమనిషి, తలకు తువ్వాలు, ఒంటికి శాలువా. కోట దగ్గర వంగింది, కుందులు శాలువాలో పెట్టుకుంది, పోతూ పోతూ ఒక్క క్షణం తలెత్తింది. సెక్రటరీ ఆ క్షణాన్ని ఆపి, ముఖాన్ని పెద్దది చేసి, ఎవరో చెప్పండని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెద్దది చేస్తే ముఖంలో కొత్త సంగతి ఏదీ పుట్టదు. పెసరగింజంత చుక్క శనగగింజంత అవుతుంది, అంతే. కళ్లు ఉండవలసిన చోట రెండు మసకలు, నోరు ఉండవలసిన చోట ఒక మసక, దాని మీదంతా ఇసుక. ల్యాబ్‌లో అయితే ఆ బొమ్మను నేను చెత్తబుట్టలో వేసేదాన్ని.

సాయంత్రం సెక్రటరీ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మా తలుపు కొట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, మీతోని ఒక ముచ్చట. ఫొటో చూసిన్రు కదా. ముఖానికి బొట్టు లేదు. మన దాంట్ల కార్తీక దీపం పెట్టే ఆడోళ్లల్ల బొట్టు లేనిది ఒక్క మీ అత్తమ్మనే."

ఆయన ఏమంటున్నాడో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"అంకుల్, గా కెమెరాల కుంకుమ కనపడది. ఎవరు నిలబడ్డా కనపడది. నేను పొద్దున లేస్తే చేసే పనే గది!"

"మీ అత్తగారు గాబట్టి మీరు గట్ల అంటరు మేడం. ఇది అందరి ఇజ్జత్ ముచ్చట. చప్పుడు లేకుంట కుందులు ఇచ్చేస్తే మేం ఎవరికీ చెప్పం."

అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా వింటోంది. చేతిలో తొడిమలు తీస్తున్న పచ్చిమిరపకాయలు అట్లాగే ఉన్నాయి. "నేను తియ్యలేదు నాయనా" అంది. గొంతు పెంచలేదు. సెక్రటరీ ఫోన్ ముందుకు చాపి, "ఒక్కసారి చూడుండ్రి అమ్మా" అన్నాడు. ఆవిడ ఆ వైపు కూడా చూడలేదు. "తియ్యలేదని చెప్పినాక ఆ బొమ్మతో నాకేంబని?" అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత నేను వాళ్లను ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. మా ఆయన గదిలోంచి వచ్చి, "ఎందుకులే, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. వాళ్లతో కలిపి ఆయన్ని కూడా తిట్టాను.

మర్నాటి నుంచి అత్తమ్మ కిందికి దిగలేదు. బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పక్కన, ఒక ప్రమిద పెట్టుకుని లోపలికి వచ్చేసేది. ఆవిడ చేసే వేరుశనగ పొడి కోసం గిన్నెలు పట్టుకుని వచ్చే వాళ్లు రావడం మానేశారు. లిఫ్ట్‌లో ఎదురుపడితే ఫోన్లు చూసుకునేవారు. ఒక మధ్యాహ్నం ఆవిడ చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతూ కనిపించింది.

"కర్నూలుకు టికెట్టు చెయ్యమ్మా. చెల్లెలింట్లో ఉంటా కొన్నాళ్లు. బడిలో సుద్దముక్క కూడా ఎప్పుడూ ఇంటికి తెచ్చుకోలే. ఈ పేరు మోసుకోని ఆ మెట్లు ఎక్కి దిగలేను."

"ఇప్పుడు పోతే ఒప్పుకున్నట్టే అయితది అత్తమ్మా. కార్తీకం అయిపోయేదాంక ఆగుండ్రి. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు? అరుస్తావు. అరిస్తే ఎవరు నమ్ముతారు?"

ఉన్న మాట అంటే ఉలుకెక్కువ. నాకూ ఉలుకు వచ్చింది. కానీ ఆవిడ కళ్ల కింద నలుపు చూశాక మింగేశాను. "అరవను. పరీక్ష పెడ్తా" అన్నాను.

సెక్రటరీ దగ్గరకు వెళ్లి నా గొంతు నాకే పరాయిగా వినిపించేంత మెల్లగా మాట్లాడాను. "మీ కెమెరా మీద మీకు నమ్మకం ఉన్నది కద అంకుల్. ఆదివారం పొద్దుగూకినంక అదే జాగల, అదే కెమెరాతోని చూద్దాం. మన ఆడోళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్తరు. మీరు ఎవరో చెప్పుండ్రి." ఆయనకు కెమెరా గురించి ఎవరు మాట్లాడినా సంతోషమే. సరేనన్నాడు. తర్వాత తలుపు తలుపు తిరిగి ఆడవాళ్లను అడిగాను. కొందరు మా అత్తమ్మ మీద ప్రేమతో ఒప్పుకున్నారు, కొందరు సరదాకు ఒప్పుకున్నారు, కింది ఫ్లోర్ ఆవిడ తలుపు చాటు నుంచే తలూపింది. నాకు అందరూ కావాలి, ఎందుకు వస్తున్నారన్నది నాకనవసరం.

ఆదివారం సాయంత్రం అంబర్‌పేట్ మార్కెట్ నుంచి కొత్త కుంకుమ పొట్లం తెచ్చి, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని మెట్ల కింద గుంపుగా నిలబడ్డ ఆడవాళ్లందరికీ నా చేత్తోనే బొట్లు పెట్టాను. ఎర్రగా, గుండ్రంగా, దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడేవి. పార్కింగ్‌లో లైట్లు ఆర్పించాను. మగవాళ్లంతా సెక్రటరీ హాల్లో టీవీ ముందు చేరారు, కెమెరా దానికే కలిపి ఉంది. బొమ్మ బాగా కనపడాలని ఆయనే హాల్లో లైటు కూడా తీసేశాడు. ఆ చీకట్లో నేను అత్తమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. రానని ఇంట్లో ఎంత మొండికేసిందో నాకు తెలుసు. టీవీ మీద కళ్లు పెట్టిన వాళ్లు ఎవరూ వెనక్కి తిరగలేదు.

"తెలిస్తే పేరు చెప్పుండ్రి" అన్నాను. "తెల్వకపోతే తెల్వదనుండ్రి. గదీ జవాబే."

మొదట వచ్చిన మనిషి తులసికోట దగ్గర వంగి, లేచి, తలెత్తి వెళ్లిపోయింది. ఒకాయన మూడో ఫ్లోర్ ఆవిడ అన్నాడు, ఒకాయన కాదు మా మరదలు అన్నాడు. ఇద్దరూ నొక్కి చెప్పారు, ఇద్దరిదీ తప్పే. రెండో మనిషికి ఇంకో పేరు, అదీ తప్పే. తెలీదన్న మాట ఎవరి నోటా రాలేదు. మూడో మనిషి నిదానంగా నడిచి వచ్చి, వంగి, కెమెరా వైపు తలెత్తగానే సెక్రటరీ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"గిదే! గీ నడకనే! సూడుండ్రి, బొట్టు లేదు. మేడం, తప్పుగ అనుకోవద్దు, గీమె మీ అత్తమ్మనే. కసమ్!"

"నేను ఈడ ఉండా నాయనా" అంది అత్తమ్మ వెనక నుంచి.

ఎవరో లైటు వేశారు. అందరూ తిరిగి చూశారు. అత్తమ్మ కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని ఉంది. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించి, తలుపు తెరుచుకుని, ఆ టీవీలో కనిపించిన మూడో మనిషి లోపలికి వచ్చింది. తలకు తువ్వాలు, నుదుట నేను పెట్టిన రూపాయి బిళ్లంత కుంకుమ. ఆవిడ సెక్రటరీ భార్య.

"ఏందయ్యా, నన్ను గుర్తువట్టినవా లేదా?" అంది రొప్పుతూ.

ఆ నవ్వులు చల్లారడానికి చాలాసేపు పట్టింది. వెనక వరుసలో ఒకాయన సోఫాలో పడి దొర్లాడు. సెక్రటరీ ఒక్కడే నవ్వలేదు. టీవీ వంకా భార్య నుదుటి వంకా మార్చి మార్చి చూసి, అత్తమ్మ ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మాఫ్ చేయుండ్రి. మస్తు తప్పయింది" అన్నాడు.

"ముందే తెలీదంటే సరిపాయ గదా నాయనా" అంది అత్తమ్మ. అంత మంది ముందు ఒక ఇంజినీరుకు క్లాసు పీకిందని కూడా ఎవరికీ అనిపించలేదు, అంత మామూలుగా అంది. కింది ఫ్లోర్ ఆవిడ వచ్చి అత్తమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను సెమినార్ హాళ్లలో ఎన్నో ప్రెజెంటేషన్లు ఇచ్చాను, స్లైడ్లు మార్చి మార్చి చూపించాను. ఆ ఆదివారం ఇచ్చినంత మంచిది ఇంకెక్కడా ఇవ్వలేదు. మర్నాడు క్యాంపస్‌లో పిల్లలకు చెబితే బల్లలు చరిచారు. ఆ రోజు నేను విద్యానగర్ వైపు పని లేకపోయినా నడిచి, చుట్టు తిరిగి ఇంటికి వచ్చాను. గర్వంగా ఉన్నప్పుడు మనిషికి నడవాలనిపిస్తుంది.

ఆ వారమంతా తెల్లవారుజామున అత్తమ్మ వెంట నేను కూడా తలకు తువ్వాలు చుట్టుకుని దిగాను. ఎప్పుడూ ఆ వేళకు లేవని దాన్ని, ఆవులిస్తూ వత్తులు వెలిగించాను. సంచిలోని చీరలు మళ్లీ బీరువాలోకి వచ్చాయి.

కుందులు మాత్రం దొరకలేదు. ఆ సంగతి గుర్తొస్తే కింది ఫ్లోర్ ఆవిడ ముఖం చూడబుద్ధయ్యేది కాదు. కార్తీకం ఇంక కొన్ని రోజుల్లో అయిపోతుందనగా, ఒక ఉదయం అవి తులసికోట మీద కనిపించాయి. తోమి, తుడిచి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

ఆ రోజు సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. వెంట కింది ఫ్లోర్ ఆవిడ. ఈసారి చెప్పకుండానే కూర్చున్నారు. పెట్టిపోయిన మనిషి కూడా కెమెరాలో పడింది.

"అమ్మా, నేను ఎవ్వరికీ చూపెట్టలే, గ్రూపుల గూడ పెట్టలే" అన్నాడాయన. "మా ఇద్దరికైతే ఎవరో సమజ్ అయితలేదు. అప్పుడు బద్‌నాం మీ మీద ఏసినం. అందుకే ముందుగాల మీరే చూడాలె. మీకు తెలిస్తే చెప్పుండ్రి. మీ మాటనే ఆఖరు."

నేను అత్తమ్మ భుజం మీంచి ఆయన చేతిలోని ఫోన్‌లోకి వంగి చూశాను. అదే తువ్వాలు, అదే శాలువా, అవే మసకలు. నాకేమీ తెలియలేదు. నా లెక్క ప్రకారం తెలియకూడదు కూడా. ఒకే మెట్ల మీద ఎక్కి దిగినంత మాత్రాన అది ఎరిగిన ముఖం అయిపోదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి ముఖం ఒకరం నిండుగా చూసుకున్నది ఎప్పుడు గనక? అందరి ముఖాలూ ఎరిగిన మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది. మొదటిసారి ఆ ఫోన్ వైపు చూడనైనా చూడని మనిషి ఇప్పుడు చెయ్యి చాపి అందుకుంది.

బొమ్మ కదిలింది. శాలువా మనిషి కుందులు పెట్టింది, వెనక్కి తిరిగింది, తలెత్తింది. అత్తమ్మ కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఆవిడ ముందుకు వంగలేదు. ఇంగొకసారి చూపించమని అడగలేదు. ఆ ముఖం తెర మీద కుదురుకోకముందే, "తెలీదు" అంది.

ఫోన్ సెక్రటరీ చేతిలో పెట్టి, "తీసెయ్ నాయనా, దాంతో ఇంగ పనేముంది" అంది. తర్వాత కింది ఫ్లోర్ ఆవిడ గడ్డం పట్టుకుని, "మీ అమ్మ కుందులు వచ్చినాయి గదా తల్లీ. పో, దీపం పెట్టుకో" అంది. ఆయన మా ఎదురుగానే ఆ వీడియోను తుడిచేశాడు. ఇద్దరూ కాఫీ తాగి వెళ్లారు.

నేను తలుపు వేసి అక్కడే నిలబడ్డాను. ఎవరో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అత్తమ్మ వంటింట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు ముందు పెట్టుకుంది.

"అత్తమ్మా..."

"తెలీదంటి గదా. కూచో, నార తియ్యి."

నా చీకటి గదిలో ఇన్నాళ్లుగా ఎందరో తప్పు జవాబులు చెప్పారు. అన్నీ తెలియకపోయినా తెలుసన్నవే. తెలిసీ తెలీదన్న తప్పు జవాబు నేను విన్నది ఆ ఒక్కటే, అది చెప్పింది మా అత్తమ్మ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలకు నార తీశాను.